డాక్టరయ్య కుర్చీ పక్కన స్టూలు

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం వేలూరు నుంచి ముగ్గురు ఆడపిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ముగ్గురూ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదువుతున్నారు. వాళ్ళ విద్యార్థి సంఘం "మన వృత్తి వారసత్వం" అని ఒక సభ పెడుతోందట. ఆ చదువు మా ప్రాంతానికి కొత్తగా వచ్చినప్పుడు చదివినదాన్ని కాబట్టి నేను వచ్చి నాలుగు మాటలు చెప్పాలట. వారసత్వం అనే మాట వింటే నాకు మా పెదనాన్నల ఇంటి గోడ తగాదా తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. అయినా ఎండన పడి వచ్చిన పిల్లలు కదా అని కూర్చోబెట్టి మురుకులు పెట్టాను. సభలో కట్టబోయే ఫ్లెక్సీ బొమ్మను ఫోనులో చూపించారు. పైన అమెరికాలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, కింద మా బ్యాచి ఫోటో, ఆ కింద వీళ్ళు. సైనికులకూ మాకూ నడుమ బోలెడంత ఖాళీ. "మీకంటే ముందు ఇక్కడ ఎవరున్నారు మేడమ్?" అని వాళ్ళలో చురుకైన పిల్ల అడిగింది. మా తాత ఉన్నాడన్నాను. ఆ పిల్ల సంబరంగా ఫోను మీద వేళ్ళు పెట్టి, ఆయన ఏం చదివారని అడిగింది. గుడియాత్తం మునిసిపల్ బడిలో నాలుగో తరగతి అని చెప్పాను. వేళ్ళు ఆగిపోయాయి. మర్యాదస్తుల బిడ్డ, నవ్వి మాట మార్చింది. వాళ్ళు వెళ్ళిపోయాక నాకు ఏ పనీ చేతికి రాలేదు. ఆ పిల్ల మీద కోపం కాదు. మా కాలంలో మా సంఘం కూడా సరిగ్గా అక్కడే ఆగిపోయింది.

తాత అంటే మా అమ్మను కన్న తండ్రి, గోవిందప్ప. మావాళ్ళది ఇళ్ళు కట్టే పని. మా నాన్న మేస్త్రి, ఆయన తండ్రీ మేస్త్రే. గుడియాత్తంలో ఏ వీధికి వెళ్ళినా, ఈ గోడ మాది, ఆ మిద్దె మాది అని మావాళ్ళు వేలు చూపిస్తారు. చాలామంది ఉండేది మాత్రం అద్దె ఇళ్ళలో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కొట్లాటలో రెండూ. తెలుగు అక్షరం ఇంటిల్లిపాదికీ రాదు. నేనే నడివయసులో చిత్తూరు ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నప్పుడు పలకా బలపం పట్టినంత పని చేసి నేర్చుకున్నాను. తాత పడుచువాడుగా ఉన్నప్పుడు పనిలో, గోడ లేపేటప్పుడు ఎక్కి నిలబడే సారం కట్టెల మీది నుంచి జారిపడ్డాడు. తుంటి విరిగింది. బజారువీధి డాక్టరయ్య కట్టు కట్టి లేపి నిలబెట్టాడు గాని ఒక కాలు కురచైపోయింది. ఇక సారం ఎక్కలేని మనిషి తిన్నె మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, ఆ డాక్టరయ్యే పిలిచి, వచ్చి స్టూలు మీద కూర్చుని సీసాలు కడుగు అన్నాడట. తాత కూర్చున్నాడు. సీసాలు కడగడం నుంచి మందు కలపడం, పుండు తుడిచి కట్టు కట్టడం, సూది వెయ్యడం దాకా అన్నీ ఆ స్టూలు మీదే నేర్చుకున్నాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆయన పేరు గోవిందప్ప అని మా అవ్వే మరిచిపోయినట్టుండేది. ఊరందరికీ ఆయన కంపౌండరయ్య.

నాన్న పనులు ఒక ఏడు కావేరిపాక్కంలో, ఒక ఏడు నాట్రంపల్లిలో అని తిరుగుతుంటే, అమ్మ నన్ను తీసుకుని పుట్టింట్లోనే ఉండిపోయింది. పిల్లాజెల్లా లేని డాక్టరయ్య ముసలితనంలో బజారువీధి మేడ అమ్ముకుని, వైద్యం మా తాత ఇంటి ముందుగదిలోకి మార్చుకున్నాడు. అందుకని నా చిన్నతనం అంతా స్పిరిట్ వాసనలో గడిచింది. టింక్చరు వాసన, పుదీనా కలిసినట్టుండే గులాబీరంగు గ్యాసు మందు వాసన, ఎదురింటి లుంగీల మగ్గాల షెడ్డు నుంచి రంగుల తొట్టి కంపు, వీటన్నిటి మధ్యా మా అవ్వ తిరగమోత. పొద్దున్నే తాత గడ్డం గీసుకుని, చాటుగా ఒక బీడీ కాల్చి, ఆ వాసన పోవడానికి లవంగం బుగ్గన పెట్టుకుని, గాజు సిరంజిలు ఇత్తడి గిన్నెలో వేసి కిరసనాయిల్ స్టవ్వు మీద పెట్టేవాడు. ఇంటికి ఉన్నది ఒకటే స్టవ్వు. సూదులు ఉడికిన తర్వాతే మాకు సాంబారు ఉడికేది. ఈ ఇంట్లో మనుషుల కడుపు కంటే సూదులకే ముందు వడ్డన అని అవ్వ రోజూ సణిగేది. తాత నవ్వేవాడు గాని స్టవ్వు ఇచ్చేవాడు కాదు.

నేను పై తరగతుల్లో ఉండగా డాక్టరయ్య పోయాడు. ముందుగది మూసేస్తారనుకున్నాం. కర్మ అయిన మర్నాడు జనం ఏమీ జరగనట్టే వచ్చి తిన్నె మీద కూర్చున్నారు. తాత కూడా ఏమీ జరగనట్టే వెళ్ళి తన స్టూలు మీద కూర్చున్నాడు. పక్కన డాక్టరయ్య పేము కుర్చీ ఖాళీగా ఉంది. ఆ రోజు నుంచి ఆయన పద్ధతి ఇది. పొద్దున్నే పాత ధోవతి గుడ్డతో ఆ కుర్చీ తుడిచి, దాని చేతి మీద ఒక పువ్వు పెట్టేవాడు. మనిషి వచ్చి జబ్బు చెప్పుకుంటే అంతా విని, నాలుక చూసి, నాడి చూసి, కుర్చీ వైపు తిరిగి, డాక్టరయ్యతో ఎప్పుడూ మాట్లాడే తమిళంలోనే, జ్వరం ఇన్నాళ్ళ నుంచట, నాలుక ఇలా ఉంది సార్ అని చెప్పేవాడు. కాసేపు ఆగేవాడు. తల ఊపి, అప్పుడు లేచి మందు కలిపేవాడు. వచ్చినవాళ్ళు కూడా ఆ కాసేపూ నోరు మెదపకుండా కుర్చీ వైపే చూసేవాళ్ళు. ఒకసారి ఉండబట్టలేక, ఎందుకు తాతా ఈ వేషం అని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. "నేను డాక్టర్ని కాదు పాపా. ఆయన చెప్తాడు, నేను చేస్తా. అంతే" అన్నాడు. అది నటన కాదు, నిజంగానే నమ్మాడు. ఆ కుర్చీలో కూర్చోనంత కాలం తాను గీత దాటలేదనుకున్నాడు. ఇంకొకడైతే వాకిట్లో డాక్టరని బోర్డు కొట్టుకునేవాడు. తాత నిజాయితీ అంతా ఆ కుర్చీలోనే ఉంది, ప్రమాదమూ అందులోనే ఉంది. నాకు ఆ రెండో సంగతి తెలియడానికి చదువు కావలసి వచ్చింది.

ఆ చదువు ఎలా వచ్చిందో చెప్పాలి. మా వీధికి కేబుల్ టీవీ, మూల మీద ఎస్టీడీ బూతు వచ్చిన కాలం అది. వేలూరులో కొత్త కొత్త ప్రైవేటు ఆసుపత్రులు లేస్తున్నాయి, వాటి గోడలు కట్టడానికే మా నాన్నకు ఊపిరి సలపని పని. గుండె ఆపరేషన్లు విరివిగా మొదలయ్యాయి, డాక్టర్లకు పక్కన నిలబడి పని అందుకునే చేతులు చాలడం లేదు. మద్రాసులో అంతకు కొద్ది కాలం ముందే మొదలైన ఫిజీషియన్ అసిస్టెంట్ చదువును నాన్న గోడలు కట్టిన ఒక ఆసుపత్రివాళ్ళు తామూ పెట్టారు. సీటు సంగతి మోసుకొచ్చింది నాన్నే. డాక్టరా, నర్సా అని అవ్వ అడిగితే, రెండూ కాదట, ఇంజనీరుకూ కూలీకీ నడుమ మేస్త్రి ఉండడా, అట్లాంటిదట అని చెప్పాడు. అంతకంటే బాగా ఆ ఉద్యోగాన్ని వివరించినవాళ్ళను నేను ఇన్నేళ్ళలో చూడలేదు. తాత ఆనందం మాత్రం చూడాలి. కంపౌండర్లకు కాలేజీ పెట్టినారంటప్పా అని తిన్నె మీద కూర్చున్నవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కంపౌండరు కాదు తాతా అని పదిసార్లు దిద్దాను. ఆయన సరేనని తల ఊపి, పదకొండోసారి మళ్ళీ అదే మాట చెప్పాడు.

ఆసుపత్రిలో మా బతుకు ఎటూ కాని బతుకు. హౌస్ సర్జన్లు మమ్మల్ని తెల్లకోటు వేసుకోవద్దన్నారు, నర్సులు తమ గదిలో టీ తాగనివ్వలేదు. నర్సులకు దీపం పట్టుకుని ప్రమాణం చేసే రోజు ఉంది, ఫార్మసీ చదివే పిల్లలకు వాళ్ళ సంఘం, వాళ్ళ బ్యాడ్జీ ఉన్నాయి. మాకు పెద్దలు లేరు, పండగ లేదు, జబ్బుమనిషి అడిగితే మేం ఎవరమో చెప్పడానికి ఒక మాట లేదు. అందుకే మేమూ ఒక సంఘం పెట్టుకున్నాం. దానికి కార్యదర్శి రమణ. నాట్రంపల్లి దగ్గర రైతుల బిడ్డ, క్లాసులో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. మంచివాడు, మాటకారి, ఎవరికీ ఎదురుగా కాదని చెప్పలేడు. ఈ చివరి గుణం ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను. పాఠంలో అమెరికా సైనికుల కథ చెప్పినప్పుడు అందరం రాసుకున్నాం. యుద్ధంలో గాయాలకు కట్లు కట్టినవాళ్ళు ఇంటికొస్తే డాక్టర్లు చేరదీసి చదువు చెప్పారట, మా వృత్తి అలా పుట్టిందట. బయటికి రాగానే రమణ నాతో, "వాళ్ళ తాతలు వాళ్ళకుండారు సరే, మన తాత యాడుండాడు?" అన్నాడు. మా ఇంట్లో ఉన్నాడన్నాను. నవ్వులాటకే అన్నాను గాని రమణ నవ్వలేదు. సంఘం మొదటి సభలో తాతకు శాలువా కప్పాలని పట్టుబట్టాడు. అందరికీ నచ్చింది. కోర్సు చూసే పెద్ద డాక్టరు గుండె సర్జను. ఆయన కూడా పాతకాలపు కంపౌండరు అనగానే ముచ్చటపడి సరేనన్నాడు. ఆ పాతకాలం ఇంకా నడుస్తోందా అని ఆయన అడగలేదు, మా ముందుగదిలో నడుస్తోందని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఒక ఆదివారం పొద్దున రమణ, ఇంకో ముగ్గురు స్నేహితులు తాతను పిలవడానికి నాతో గుడియాత్తం వచ్చారు. అమ్మ పొంగలి, బోండాలు చేసింది. రమణ తాంబూలం పళ్ళెం తాత చేతికిచ్చి, సభకు రావాలని, వేదిక మీద శాలువా కప్పుతామని చెప్పాడు. తాత పళ్ళెం పట్టుకుని నా వైపు ఒక చూపు చూశాడు. కంపౌండర్లకు కాలేజీ అని ఆయన అన్నప్పుడల్లా నేను ఎంత చిరాకుపడ్డానో గుర్తుకొచ్చి తల దించుకున్నాను. అంతలో వాకిట్లో నాగప్ప వచ్చాడు, వెనకే భార్య చెంగమ్మ. నాగప్ప మా నాన్నతో కలిసి పనిచేసే కట్టుబడి మనిషి, ఎద్దులాంటి వాడు. ఆ పొద్దు ముఖం బూడిద రంగులో ఉంది, చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఎడమ చెయ్యి కుడిచేత్తో నొక్కుకుంటూ, రాత్రి తిన్న పలావు అరగలేదు, గుండెల్లో గ్యాసు పట్టింది, ఒక గుక్క మందు పొయ్యి అయ్యా అన్నాడు. తాత అన్నీ అడిగాడు, నాడి చూశాడు, కుర్చీ వైపు తిరిగి, వాయువు సార్ అన్నాడు. కాసేపు ఆగి, తల ఊపి, గులాబీరంగు సీసా అందుకున్నాడు.

రమణ నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఆ వారమే మేం వార్డులో అలాంటి ముఖాన్ని చూసి ఉన్నాం. గది నిండా జనం, తిన్నె మీద జనం, అందరూ తాత చేతి వైపు చూస్తున్నారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తాతా, గ్యాసు కాదు. గుండె. ఇప్పుడే వేలూరికి తీస్కపోవాల" అన్నాను. తాత సీసా దించలేదు. డాక్టరయ్య ముందర ఇట్లా మాట్లాడొచ్చునా పాపా అని మెల్లగా అడిగాడు. నేను ఇంకే మాటైనా అనగలిగేదాన్ని, అనలేదు. "కుర్చీలో ఎవరూ లేరు తాతా" అన్నాను.

ఆ గదిలో ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు. తిన్నె మీద ఎవరో చీదరించుకున్నారు. రమణ వ్యాను కోసం బయటికి పరుగెత్తాడు. ఎదురు షెడ్డువాళ్ళ లుంగీల బేళ్ళు మోసే వ్యాను దొరికింది గాని చెంగమ్మ కదల్లేదు. మొన్నటి దాకా మా వాకిట్లో ముక్కు చీదుకుంటూ తిరిగిన పిల్ల చెప్పిందని మొగుణ్ణి వ్యానెక్కించాలా అన్నట్టు నన్ను ఎగాదిగా చూసి, తాత దగ్గరికి వెళ్ళి, నువ్వు చెప్పు అయ్యా, ఏం చెయ్యమంటావు అని నిలబడింది. నాగప్ప గోడకు ఆనుకుని జారిపోతున్నాడు. తాత నా ముఖం చూశాడు, నాగప్పను చూశాడు. సీసా పక్కన పెట్టాడు. కుర్చీ వైపు తిరిగాడు. ఈసారి నోటితో ఏమీ చెప్పలేదు, ఊరికే నిలబడ్డాడు. తర్వాత చెంగమ్మతో, "పొమ్మంటాండాడమ్మా. డాక్టరయ్య ఇప్పుడే వేలూరికి పొమ్మంటాండాడు" అన్నాడు. చెంగమ్మ ఇంకొక మాట అడగలేదు. నలుగురూ పట్టి నాగప్పను వ్యానులో పడుకోబెట్టారు. నేను తాత బీరువాలోంచి ఆస్పిరిన్ బిళ్ళ తీసి నీళ్ళలో కలిపి తాగించాను. వేలూరు దారి పొడుగునా నేనూ రమణా చెరొక చెయ్యి నాడి పట్టుకుని కూర్చున్నాం. పళ్ళికొండ దాటాక నాకు ఒక సంగతి తట్టింది. ఈ వ్యానులో ఉన్నది ఇద్దరు సహాయకులు. డాక్టరు లేడు. అడగడానికి మా పక్కన కుర్చీ కూడా లేదు.

నాగప్ప బతికాడు. బరువు పనికి పనికిరాకుండా పోయాడు గాని బతికాడు. ఇంటికొచ్చాక భార్యాభర్తలిద్దరూ పళ్ళు తీసుకుని వచ్చి తాత కాళ్ళకు మొక్కారు, కంపౌండరయ్య సమయానికి పంపించబట్టి ప్రాణం దక్కిందని వీధంతా చెప్పుకున్నారు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. అప్పుడు ఉక్రోషం వచ్చింది, ఇప్పుడు నవ్వొస్తుంది. ఆలోచిస్తే వాళ్ళు చెప్పింది అబద్ధమేమీ కాదు. నేను చెబితే చెంగమ్మ కదిలేది కాదు. తాత తనంతట తానైతే గ్యాసు మందు పోసి పంపించి ఉండేవాడు. ఎవరి మాట నాగప్పను బతికించిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేను.

పెద్ద డాక్టరు నన్నూ రమణనూ గదిలోకి పిలిపించాడు. ముందు మెచ్చుకున్నాడు. తర్వాత, బిళ్ళ ఎవరు ఇమ్మన్నారు అని అడిగాడు. ఎవరూ ఇమ్మనలేదు. ఇచ్చింది సరైన మందేనని, అయినా ఇలా ఎవరూ ఇమ్మనకుండా ఇవ్వడం మొదలుపెడితే మీరు ఎవరని రేపు కోర్టు అడుగుతుందని అన్నాడు. అప్పుడు తాత సంగతి అంతా బయటికొచ్చింది, కుర్చీతో సహా. ఆయన అరవలేదు. మనసులో పాపం అని కూడా అనుకున్నట్టే ఉన్నాడు. దొంగ డాక్టర్లను పట్టుకున్నారని పేపర్లలో వస్తున్న రోజులు. ఈ కోర్సుకు గుర్తింపు కోసం తాను మద్రాసుకూ ఢిల్లీకీ తిరుగుతుంటే, విద్యార్థి సంఘం మొదటి సభలోనే అలాంటి మనిషికి శాలువా కప్పితే దొంగ వైద్యుల్ని తయారుచేస్తున్నారని తలుపులు మూయించేస్తారని చెప్పాడు. సన్మానం మానుకోవాలి. అంతే కాదు, కంపౌండర్లకూ ఈ వృత్తికీ సంబంధం లేదని సభలో స్పష్టంగా ప్రకటించాలి. ఆయన మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆ రోజు నేను నోరు తెరవకపోతే నాగప్ప చచ్చిపోయేవాడే. నన్ను పీడించేది అదే.

సంఘం సమావేశమైంది. నేను లేచి, మా తాతకు శాలువా వద్దు, ఆయన పని ఎంత ప్రమాదమో మీలో అందరికంటే నాకే తెలుసు అన్నాను. కానీ ఆయన మనవాడు కాదని మాత్రం అనవద్దు. స్టూలు మీద కూర్చుని, పక్కనున్న మనిషిని అడిగి, చెప్పింది చేసి, చెయ్యి తిరిగేదాకా నేర్చుకోవడం మనకంటే ముందు చేసినవాళ్ళు వీళ్ళే. వాళ్ళ తప్పు కూడా మనకు వారసత్వమే, అది తెలిస్తేనే మనం జాగ్రత్తగా ఉంటాం అన్నాను. వాదించాను, పోట్లాడాను, ఏడ్చాను కూడా. చేతులెత్తారు. నా చెయ్యి ఒక వైపు, మిగతా చేతులన్నీ ఇంకో వైపు. రమణ చెయ్యి అందరికంటే ఆలస్యంగా లేచింది గాని, లేచింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, పిలిచింది నేను, రావద్దని చెప్పాల్సింది కూడా నేనే, నువ్వు కలగజేసుకోవద్దు అని చెప్పి గుడియాత్తం వెళ్ళాడు. మా ఇంట్లో కూర్చున్నాడు. కాఫీ తాగాడు. తాత కొత్త పంచె చూపిస్తే బాగుందన్నాడు. ఆ మాట చెప్పకుండానే తిరిగొచ్చాడు. చెప్పలేకపోయానని నాతో కూడా అనలేకపోయాడు. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో నాకు అమ్మ ద్వారా చాలా కాలం తర్వాత తెలిసింది.

తాత మాత్రం ఆ ఆదివారం నుంచే మారిపోయాడు. కుర్చీ తుడిచేవాడు, పువ్వు పెట్టేవాడు, కానీ దాని వైపు తిరిగి అడగడం మానేశాడు. ఎవరొచ్చినా, జలుబైనా, దెబ్బ తగిలినా, వేలూరికి పోండి అనేవాడు. పోగలిగినవాళ్ళు పోయారు. పోలేనివాళ్ళు బజారులో కొత్తగా దుకాణం తెరిచిన ఒక సూదిమందు వాడి దగ్గరికి పోయారు. వాడు దేనికైనా అదే సూది వేస్తాడు. తాత నేరం చేశాడనుకుందాం, అయినా ఆయన మనిషి మీద చెయ్యి వేసే ముందు ఎవరినో ఒకరిని అడగాలనుకున్నాడు. బజారువాడికి అడగడానికి ఖాళీ కుర్చీ కూడా లేదు. స్టవ్వు మీద సూదులు ఉడకడం ఆగిపోయింది. మా అవ్వకు పొద్దున్నే స్టవ్వు దొరికింది. ఒక్క రోజు కూడా సంతోషపడలేదు, ఇల్లు ఇల్లులా లేదనేది.

ఇప్పటి పిల్లలకు అన్నీ ఉన్నాయి. పేరు కుట్టిన కోటు ఉంది, మేం చేతులు కట్టుకుని అడిగిన గుర్తింపు ఉంది, ఏడాదికోసారి వాళ్ళకంటూ ఒక పండగ రోజు ఉంది, కేకు ఉంది. వాళ్ళను చూస్తే నాకు అసూయ లేదు, గర్వమే. కానీ పెద్ద ఆసుపత్రి మెట్లు దిగి రెండు వీధులు దాటితే, మా గుడియాత్తంలో ఇవాళ్టికీ మందుల షాపు కౌంటరు మీద వంగి, గుండెల్లో గ్యాసు పట్టింది, ఏదైనా ఇవ్వు అని అడిగే నాగప్పలు ఉన్నారు. వాళ్ళు నమ్మేది ఆ కౌంటరు వెనక మనిషినే. ఆ మనిషి మా వాడు కాదని మేం సభలో ప్రకటించుకున్నాం సరే, చెంగమ్మకు ఆ ప్రకటన అందలేదు. ఈ పిల్లల సభకు వెళ్తాను. గ్యాసు మందు సంగతీ చెబుతాను, పొమ్మంటాండాడన్న సంగతీ చెబుతాను. ఒకటి చెప్పి ఒకటి దాచితే తాతకు అన్యాయం. వాళ్ళ ఫ్లెక్సీలో ఆ ఖాళీలో ఏం పెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం.

మా అప్పటి సభ ఆసుపత్రి వెనక హాల్లో జరిగింది. మేమంతా వరసగా నిలబడి, వైద్యుని పర్యవేక్షణలోనే పనిచేస్తామని ఇంగ్లీషులో ప్రమాణం చేశాం. ఆ ప్రమాణం నేను మనసారా చేశాను. తర్వాత పెద్ద డాక్టరు కూడా ఇంగ్లీషులోనే మాట్లాడుతూ, ఈ వృత్తికీ కంపౌండర్లకూ ఏ సంబంధమూ లేదని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, తల ఎత్తి హాలు వెనక్కి చూశాను. చివరి వరసలో తాత కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త పంచె, నూనె పెట్టి దువ్విన తల. అందరితో పాటు ఆయన కూడా చప్పట్లు కొడుతున్నాడు, రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని, మనసారా. రమణ ఆయన్ని చూసి వేదిక పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మేం చదువు ముగిసేదాకా ఒకే వార్డులో పనిచేశాం గాని తెలుగులో మాట్లాడుకోలేదు.

సభ అయ్యాక తాతను నేనే బస్టాండుకు తీసుకెళ్ళాను. కురచ కాలితో నడక మెల్లగా సాగింది. దారిలో సభ గురించి ఏమీ అడగలేదు. కాఫీ తాగుదామంటే వద్దన్నాడు. గుడియాత్తం బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, పెద్ద డాక్టరు మాటల్లో కంపౌండరని వచ్చిందే, ఏమన్నాడు పాపా అని అడిగాడు. నేను కింద నిలబడి ఉన్నాను. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. మాకూ కంపౌండర్లకూ సంబంధం లేదన్నాడు తాతా అని చెప్పాను. ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకుని కిటికీలోంచి నా వైపు వంగాడు. "అదే మంచిది పాపా" అన్నాడు. "నా పేరు చెప్పుకుంటే మిమ్మల్ని యాడా నిలబడనీరు."

బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే అప్పుడు గమనించాను. ఎండైనా వానైనా, పెళ్ళయినా చావైనా తాత ఎడమ భుజం మీద ఒక తువ్వాలు ఉండేది, అది లేకుండా ఆయన వీధి గడప దాటడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు లేదు. శాలువా కప్పుతామని రమణ చెప్పి ఉన్నాడు కదా. తాత భుజం ఖాళీగా పెట్టుకుని వచ్చాడు.